బూడిద దేశంలో బండివాడు

మిషన్ కాంపౌండులో ఉండే విదేశీ డాక్టరు గారి అబ్బాయికి సుందర్ రావు రెండేళ్లపాటు తెలుగు చెప్పాడు. 1982లో ఆ కుటుంబం తమ దేశానికి తిరిగి వెళ్లిపోతూ సామానంతా తెలిసినవాళ్లకు పంచిపెట్టింది. అప్పుడు ఆ అబ్బాయి సుందర్‌కు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. అందులో రెండు మూడు ఇంగ్లీషు పుస్తకాలు, చిత్రమైన పాచికలు ఉన్నాయి. ఒకటి నాలుగు ముఖాలది, ఒకటి ఇరవై ముఖాలది. అది ఎట్లా ఆడాలో అర్థం కావడానికి సుందర్‌కు చాలా రోజులే పట్టింది. ఒకడు కథ చెప్పాలి. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అవతారం ఎత్తాలి. ఎదురుగా పులి వచ్చిందని కథకుడు చెబితే ఏం చేస్తారో వాళ్లు చెప్పాలి. చేయగలిగారో లేదో పాచిక చెబుతుంది.

ఆటకు బల్ల లేదు, పటం లేదు. వరంగల్ మట్టెవాడలోని వాళ్ల రెండు గదుల అద్దె ఇంట్లో, ముందు గదిలో చాప పరుచుకుని ముగ్గురు ఆడేవాళ్లు. సుందర్ కథ చెప్పేవాడు. అతని కాలేజీ స్నేహితుడు వెంకట్రాజం ఆటలో దొంగ. వెంకట్రాజం తండ్రికి అదే వీధిలో ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. పొద్దస్తమానం గిరాకీలతో నిజాయితీగా మాట్లాడి విసిగిపోయాననీ, ఆదివారమైనా దొంగతనం చేసుకోనివ్వాలనీ వెంకట్రాజం అనేవాడు. సుందర్ చెల్లెలు హన్నా కత్తిపట్టిన సైనికురాలు. నర్సు ట్రైనింగులో వారమంతా కట్లు కట్టే అమ్మాయి ఆదివారం మధ్యాహ్నం కట్లు కట్టించేలా కొట్టేది. పుస్తకంలోని కోటలూ కొండలూ సుందర్‌కు ఎప్పుడూ కుదిరేవి కావు. ఏ కోట వచ్చినా వరంగల్ కోటలాగే చెప్పేవాడు. మట్టిగోడ, రాతిగోడ, మధ్యలో కందకం, లోపల పొలాలు.

తల్లి రత్నమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆదివారం చర్చి అయ్యాక ఆమెకు సెలవు. పిల్లలు ఆడేది వైకుంఠపాళీ లాంటిదేదో అనుకుని పట్టించుకునేది కాదు.

తండ్రి ప్రభుదాసు అప్పటికి ఇంట్లో లేడు. ఆయన మొదట దవాఖాన వ్యాను నడిపేవాడు. ఆ పని పోయాక తాగడం మొదలుపెట్టాడు. తాగి భార్యను కొట్టేవాడు. 1979లో ఒకరోజు బట్టల సంచి తీసుకుని ఏటూరునాగారం వెళ్లి, అక్కడ కలప లారీలకు డ్రైవరుగా కుదిరాడు. పూలమ్మ అనే ఆవిడతో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. 1983 వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు. ఆ సంగతి ఒక లారీ క్లీనరు చెబితేగానీ వీళ్లకు తెలియలేదు. అప్పటికే పూడ్చిపెట్టేశారు. రత్నమ్మ ఆ కబురు విని, చేతిలో ఉన్న బియ్యం గాలించి, పొయ్యి మీద పెట్టి, తర్వాత కూర్చుంది. ఏడవలేదు. ఆ ఆదివారమే పాస్టరు గారు తాగుబోతులకు, వ్యభిచారులకు పరలోకంలో చోటు లేదనీ, వాళ్ల కోసం ఆరని అగ్ని ఉందనీ ప్రసంగించారు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. కానీ చర్చిలో అందరూ రత్నమ్మ కూర్చున్న వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రభుదాసు పేరు ఎవరూ ఎత్తలేదు. అందరికంటే సుందర్‌కే కోపం ఎక్కువ. గోడ మీదున్న ఫొటో దించి బీరువా పైన బోర్లా పెట్టింది అతనే.

మరుసటి ఎండాకాలం ఆటలో వెంకట్రాజం దొంగ చచ్చిపోయాడు. ఒక దిగుడుబావిలో నగలున్నాయని దిగితే పాము కరిచింది. హన్నా ఎంత పరుగెత్తినా మందు అందలేదు. బతికినన్నాళ్లూ తన కోసం తప్ప ఎవరి కోసమూ ఏమీ చేయనివాళ్లు చచ్చాక ఎక్కడికి పోతారో పుస్తకంలో రాసి ఉందని సుందర్ చెప్పాడు. తిండి కోసమే దొంగతనం చేశానని వెంకట్రాజం మొత్తుకున్నాడు. సుందర్ ఒప్పుకోలేదు. ఆ చోటికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. సుందర్ దానికి బూడిద దేశం అని పేరు పెట్టాడు.

అక్కడ మంటలు లేవని సుందర్ చెప్పాడు. సలసల కాగే నూనె లేదు. కొట్టేవాళ్లు లేరు. నేల బూడిద రంగు, ఆకాశం బూడిద రంగు, అక్కడికి పోయినవాడి బట్టలు, చర్మం కూడా మెల్లగా అదే రంగుకు తిరుగుతాయి. ఆకలి వేయదు, తిన్నా రుచి ఉండదు. మొదట తన ఊరు మరిచిపోతాడు, తర్వాత తన వాళ్లను, తర్వాత తన పేరు. చివరికి మరిచిపోయానన్న బాధ కూడా పోతుంది. అప్పుడు రాక్షస జాతి బేరగాళ్లు వచ్చి, అంగట్లో పశువులను చూసినట్టు పళ్లు చూసి, కొనుక్కుని తోలుకుపోతారు. ఎవరూ పారిపోరు. పారిపోవాలని ఎవరికీ అనిపించదు.

"మా యమలోకమే నయం గద," అన్నాడు వెంకట్రాజం. "ఆడ చిత్రగుప్తుడు నువ్వేం జేసినవో సదివి ఇనిపిస్తడు. ఒక్కడన్న అడుగుతడు. నీ దేశంల ఎవ్వడు అడగడు."

"ఎవ్వడు అడగడు," అన్నాడు సుందర్.

దొంగను వెనక్కి తెచ్చుకోవడానికి హన్నా బూడిద దేశానికి బయలుదేరింది. బతికున్న మనిషి పోవచ్చు, కానీ ఎక్కువ రోజులుంటే ఆమె కూడా అక్కడి మనిషే అవుతుంది. ఒక ఆదివారం అంతా దారి వెతకడానికే సరిపోయింది. తర్వాతి ఆదివారం దొంగ కనిపించాడు. అప్పటికి అతనికి తన పేరు గుర్తుంది గానీ, ఏం దొంగిలించేవాడో గుర్తులేదు. అతను ఒక ఎద్దుల బండి నీడలో కూర్చున్నాడు. ఆ బండిని, దాని మీది మనిషిని సుందర్ ఇలా వర్ణించాడు:

"బండి నొగ మీద ఒకాయన కూసున్నడు. ఎడమ భుజం కిందికి ఉంటది. మెడల తువ్వాల లేదు, దాన్ని కాడికి కట్టిండు. చిటికెన వేలు వంకర. ఎటు పోవాల్నో తెల్వక ఎడ్లను అట్లనే నిలవెట్టి చూస్తాండు. ఎన్నేండ్ల సంది చూస్తాండో ఆయనకే తెల్వది."

హన్నా చేతిలో పాచిక ఉంది. వేయలేదు. ప్రభుదాసు వ్యాను నడిపేటప్పుడు తువ్వాలను అద్దానికి కట్టేవాడు. చిటికెన వేలు ఎప్పుడో టైరు మారుస్తుంటే విరిగి వంకరగా అతుక్కుంది. ఆమె అన్న మొహంలోకి చూసింది. సుందర్ పుస్తకంలోకి చూస్తున్నాడు. ఆ పేజీలో ఇవేవీ లేవని ఆమెకు తెలుసు.

"ఈయన్ని గూడ తీస్కపోత," అంది.

కుదరదన్నాడు సుందర్. ఆ మనిషి అక్కడికి చేరవలసినవాడే, చేరాడు. హన్నా మళ్లీ అదే మాట అంది. సుందర్ గొంతు పెంచకుండా, దొంగను తీసుకుని వెళ్లకపోతే ముగ్గురూ అక్కడే ఉండిపోతారని చెప్పాడు. ఉంటానంది హన్నా. ఆ రోజు ఆట అక్కడే ఆగింది. వెంకట్రాజం చెప్పులేసుకుంటూ వాకిట్లో హన్నాతో మెల్లగా, ఆ బండాయన ఎవరని అడిగాడు. ఆమె చెప్పింది. తర్వాతి ఆదివారం కూడా అతను వేళకు వచ్చాడు.

తర్వాతి ఆదివారాలన్నీ ఒకే తీరుగా నడిచాయి. హన్నా సైనికురాలు బండి దగ్గర నిలబడి బండివాడిని ప్రశ్నలు అడిగేది. నీ పేరేమిటి? తెల్వది. ఏ ఊరు? తెల్వది. పెండ్లామున్నదా, పిల్లలున్నారా? తెల్వది. జవాబులన్నీ సుందర్ ఒకే గొంతుతో, పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పేవాడు. హన్నా బూడిద దేశంలో ఉన్న కొద్దీ ఆమె బలం తరుగుతున్నట్టు సుందర్ లెక్క కట్టేవాడు. ఆమె కవచం మీద ఉన్న పచ్చరంగు పోయిందన్నాడు. తల్లి మొహం మరిచిపోయావన్నాడు. అది ఆట కోసం చెప్పిన మాటే. అయినా ఆ రోజు హన్నా లేచి వంటింట్లోకి పోయి, రత్నమ్మ పక్కన ఊరికే కాసేపు నిలబడి వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం హన్నా ప్రశ్నలు అడగడం మానేసింది. తాను బండెక్కి ఆ మనిషి పక్కన కూర్చుంటున్నానని చెప్పింది.

"నాకు బండి తోలుడు నేర్పు," అంది.

సుందర్ తెల్వది అనబోయి ఆగాడు. ఆ బండివాడు అన్నీ మరిచిపోయాడని చెప్పింది తనే. కానీ పగ్గాలు ఇంకా చేతుల్లోనే పట్టుకుని ఉన్నాడని చెప్పింది కూడా తనే. అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తండ్రి మాట్లాడబోయే ముందు అట్లాగే సవరించుకునేవాడు. సుందర్‌కు ఆ అలవాటు ఉందని అంతవరకు ఎవరూ గమనించలేదు.

"గట్టిగ పట్టకు," అన్నాడు. "వదులుగ పట్టు. నువ్వు బెదిరితే అది బెదురుతది. ముంగట చూడు, నీ చేతులు చూస్కోకు." వర్షం రేకుల మీద పడుతోంది. "నా కొడుక్కు గిట్లనే నేర్పిన. కోట మైదాన్ల, పొద్దున్నే, ఎవ్వలు లేనప్పుడు. వాని కాళ్లు బ్రేకుకు అందకపోతుండె. నా ఒళ్లె కూసోవెట్టుకున్న. స్టీరింగు వానికిడిసి నేను చేతులు తీసిన. వాడు భయపడలే."

ఎద్దుల బండికి బ్రేకు, స్టీరింగు ఉండవు. హన్నాకు ఈ సంగతి తెలియదు. తండ్రి తనను ఎన్నడూ అట్లా తీసుకుపోలేదు. అన్న ఎప్పుడూ చెప్పలేదు.

వంటింటి గుమ్మం దగ్గర రత్నమ్మ నిలబడి ఉంది. చేతిలో చాట ఉంది. గొంతు సవరించుకోవడం వినపడే లేచి వచ్చింది. ఎవరు మాట్లాడారని అడిగింది. హన్నా దాచలేదు. ఇది ఆట అనీ, చచ్చినవాళ్లుండే దేశమనీ, అన్న బాపును అక్కడ పెట్టాడనీ, తాను తీసుకురావాలనుకుంటున్నాననీ చెప్పింది. సుందర్ తల వంచుకున్నాడు. తల్లి తిడుతుందనుకున్నాడు. ఇవి దయ్యాల పనులనీ, పుస్తకాలు పొయ్యిలో వేస్తాననీ అంటుందనుకున్నాడు.

రత్నమ్మ గడప మీద కూర్చుంది. చాట పక్కన పెట్టింది.

"నేనొకటి అడగొచ్చునా?" అంది.

హన్నా జరిగి చోటిచ్చింది. రత్నమ్మ కదల్లేదు. కొడుకు మొహం చూడకుండా, చాప మీదున్న పాచికలను చూస్తూ అడిగింది.

"నన్నెందుకు కొట్టినవ్?"

సుందర్‌కు ఏ జవాబైనా చెప్పే అధికారం ఉంది. కథ అతనిది. తప్పయిందని ఆ మనిషి చేత అనిపించవచ్చు. కాళ్ల మీద పడవేయవచ్చు. ఐదేళ్లుగా అతను కోరుకున్నది అదే. కానీ నోరు తెరిస్తే ఆ మాటలు తండ్రి గొంతులో రావడం లేదు. ఆయన బతికుండగా ఎన్నడూ అనని మాటలు చచ్చాక అనిపిస్తే, ఆ బండి మీద కూర్చున్నది ఇంకెవరో అవుతారు. చివరికి అన్నాడు:

"తెల్వది, రత్నా."

ఆమెను రత్నా అని పిలిచింది ప్రభుదాసు ఒక్కడే. రత్నమ్మ తల ఊపింది. ముక్కు తుడుచుకుంది.

"నిజమే. ఆయనకు తెల్వది," అంది. తర్వాత ముగ్గురితోనూ అన్నట్టుగా అంది, "మంటల కాలుతాండని పాస్టరయ్య అంటడు. కాలనీ అని నేను గూడ మొక్కిన కొన్నొద్దులు. దేవునికి తెలుసు. గిప్పుడు ఆయన ఆడ ఉంటే నాకొచ్చేది ఏమున్నది బిడ్డా? వస్తనంటే తీస్కరాండ్లి."

చాట తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు వెంకట్రాజానికి టీ ఇవ్వడం మరిచిపోయి, అతను వీధి మలుపు దాటాక పిలిపించి ఇచ్చింది.

బూడిద దేశం నుంచి బయటపడడానికి పుస్తకంలో ఒకటే నియమం ఉంది. బయటికి పోవాలని ఆ మనిషికి అనిపించాలి. ఎవరూ మోసుకుపోలేరు. వారమంతా సుందర్ దాని గురించే ఆలోచించాడు. ట్యూషన్లో పిల్లలకు లెక్కలు చెబుతూ తప్పు చెప్పాడు. శనివారం సాయంత్రం హన్నాను పిలిచి, తాను బండివాడిని బయటికి తేలేనని చెప్పాడు.

"కోపంతోని అంటలేను చెల్లె. ఎంత జూసినా ఆయన రాడు. పిలిస్తే వచ్చేటోడైతే అప్పుడే వచ్చేటోడు. నేను రప్పిస్తే అది నా కోరికయితది, ఆయనది కాదు."

"మరి ఆడ్నే ఇడిసిపెట్టాల్నా?"

"బండైతే తోలుతడు," అన్నాడు సుందర్. "అది ఆయనకు చాతనైతది."

ఆదివారం ఆట మొదలయ్యేసరికి రత్నమ్మ కూడా గడప మీద వచ్చి కూర్చుంది, ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని. హన్నా బండివాడిని రమ్మని అడిగింది. రానన్నాడు. సరిహద్దు దాకా దింపుతావా అని అడిగింది. బండివాడు కాడికి కట్టిన తువ్వాల విప్పి మెడలో వేసుకున్నాడు. దొంగను పైకి లాగాడు. ఎన్నో ఏళ్లుగా నిలబడిపోయిన ఎడ్లు కదిలాయి.

దారిలో బేరగాళ్లు అడ్డం వచ్చారు. సైనికురాలికి అప్పటికి కత్తి ఎత్తే బలం లేదు. బండివాడు ఆపలేదని సుందర్ చెప్పాడు. ఆపకుండా తోలగలిగాడో లేదో పాచికే చెప్పాలి. ఎవరు వేయాలో తేలక ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి వెంకట్రాజం ఇరవై ముఖాల పాచికను రత్నమ్మ చేతిలో పెట్టాడు. ఎంత పడితే మంచిదని ఆమె అడిగింది. ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నాడు. ఆమె దాన్ని చిక్కుడు గింజలా గుమ్మం మీద వదిలేసింది. పదిహేడు పడింది. బేరగాళ్లు రెండు పక్కలా చెదిరిపోయారు.

సరిహద్దులో గడ్డి మొదలవుతుంది. మొదటి గడ్డిపరక పచ్చగా ఉందని సుందర్ చెప్పాడు. హన్నా దిగింది, దొంగ దిగాడు. అతనికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. బండివాడు దిగలేదు. గడ్డివైపు కాసేపు చూశాడు. అది ఏ రంగో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నట్టు చూశాడు. తర్వాత బండి తిప్పుకున్నాడు.

"ఏమన్న అన్నడా?" అని అడిగింది హన్నా.

"ముంగట చూస్కోని పోవాలె అన్నడు," అన్నాడు సుందర్. అతని కళ్లనిండా నీళ్లున్నాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా. హన్నా పాచికలన్నీ ఏరి పెట్టెలో పెట్టింది. ఇన్ని వారాలు ఆమె అన్నతో కొట్లాడింది, ఆ బండివాడిని తెచ్చుకుని తీరాలని. ఇప్పుడు తేలేకపోయినా, ఆమెకు ఓడినట్టు అనిపించలేదు. ఆయనకు ఇంకా బండి తోలడం గుర్తుందని తెలిసింది. అది చాలనిపించింది.

రత్నమ్మ చిక్కుడుకాయలు ఒలవడం అయిపోయింది. లేస్తూ, ఆయన్ను అక్కడ ఏ పక్కన పూడ్చారో ఎవరికైనా తెలుసా అని అడిగింది.

ఎవరికీ తెలియదు. పూలమ్మకే తెలిసి ఉంటుంది. ఆ మాట అనడానికి సుందర్‌కూ హన్నాకూ నోరు రాలేదు. రత్నమ్మే అంది.

క్రిస్మస్‌కు ముందు హాస్టల్ సెలవులిచ్చినప్పుడు తల్లీ పిల్లలు ముగ్గురూ ఏటూరునాగారం బస్సెక్కారు. ములుగు దాటాక అడవి మొదలైంది. రత్నమ్మ దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కలప డిపో దగ్గర అడిగితే పూలమ్మ ఇల్లు చూపించారు. తడకల ఇల్లు. పూలమ్మ రత్నమ్మకంటే పెద్దదానిలా కనిపించింది, తల నెరిసింది. తాము ఎవరో చెప్పగానే ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. కొట్టడానికి వచ్చారనుకుందేమో, తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.

"కొట్లాటకు రాలే," అంది రత్నమ్మ. "ఎక్కడ పెట్టినవో చూపియ్యి."

పూలమ్మ వాళ్లను ముందు కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. జ్వరం వచ్చిన సంగతి చెప్పింది. డిపో లారీలో దవాఖానకు తీసుకుపోతుంటే వాగు పొంగి దారి లేకపోయిందట. నిన్ను కూడా కొట్టేవాడా అని రత్నమ్మ అడిగింది. కొట్టేవాడని పూలమ్మ చెప్పింది. సుందర్ బయటికి వెళ్లి నిలబడ్డాడు. లోపల ఆ ఇద్దరి మధ్య తన కోపానికి చోటు లేదని అతనికి అనిపించింది.

సమాధి ఊరి బయట టేకు చెట్ల మధ్య ఉంది. చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. మీద పసుపు, కుంకుమ మరకలు ఉన్నాయి. వాటిని చూసి రత్నమ్మ ఆగింది. పూలమ్మ సిగ్గుపడుతూ చెప్పింది:

"మీ దేవునికి ఎట్ల మొక్కుతరో నాకు తెల్వది అక్కా. ఈ ఏడు మేడారం జాతరకు పోయి, ఆయన పేరు మీద సమ్మక్కకు బంగారమిచ్చిన. బెల్లమే గని, ఆయనంత బరువు ఇద్దామంటె నాకాడ లేకుండె. జరంత ఇచ్చిన. తప్పయితే చెప్పు."

చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నవన్నీ రత్నమ్మకు గుర్తున్నాయి. పాస్టరు గారి ప్రసంగమూ గుర్తుంది.

"తప్పేం లేదు," అంది. "ఒక్కలన్న ఆయన గురించి అడిగిండ్లు."

కొంగు నడుముకు దోపి వంగి, సమాధి మీద పెరిగిన గడ్డి పీకడం మొదలుపెట్టింది. పూలమ్మ అవతలి వైపు కూర్చుని తానూ పీకింది. ఆ తర్వాత రత్నమ్మ కొడుకును ప్రార్థన చేయమంది. సుందర్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రెండు మాటలయ్యాక ఆగిపోయాడు. హన్నా అందుకుని పూర్తి చేసింది.

సాయంత్రం బస్సుకు ఇంకా టైముందని పూలమ్మ అన్నం తిని పొమ్మంది. మక్కజొన్న రవ్వతో గటక, చింతచారు వండింది. రత్నమ్మ కడుపునిండా తిన్నది, ఇంకొంచెం చారు అడిగి మరీ పోయించుకున్నది.